512 గిగాబైట్లని అమ్మిన మెమరీ కార్డు నకిలీదని రిటర్న్ గడువు దాటాక తెలిసింది: ఇప్పుడేం చేయవచ్చు?

గోస్తని (విజయనగరం):

సభ్యులందరికీ నమస్కారం. గత నెలలో మా నాన్నగారి షష్టిపూర్తి జరిగింది. రెండు రోజుల వేడుకను మా తమ్ముడి కెమెరాతో మేమే చిత్రీకరించుకోవాలని, అంతకు పది రోజుల ముందు ఒక పెద్ద ఆన్‌లైన్ అంగడిలో 512 గిగాబైట్ల మైక్రో ఎస్‌డీ కార్డును రూ. 2,199 పెట్టి కొన్నాను. అది పేరున్న కంపెనీ కార్డు. అట్ట మీది ముద్రణ, లోపలి ప్లాస్టిక్ పొర, వారంటీ చీటీ అన్నీ ఇదివరకు మేము దుకాణంలో కొన్న కార్డుకు ఉన్నట్టే ఉన్నాయి. ధర కూడా అనుమానం కలిగేంత తక్కువగా లేదు. పండుగ తగ్గింపు అనుకున్నాను.

మొదటి రోజు తీసినవన్నీ బాగున్నాయి. రెండో రోజు అమ్మానాన్నల మాంగల్యధారణ, వ్రతం, ఎనభై రెండేళ్ల మా మేనత్త పాడిన మంగళహారతి చిత్రీకరించాము. ఆ ఫైళ్ల పేర్లు, సైజులు కనిపిస్తున్నాయి గాని ఒక్కటీ తెరుచుకోవడం లేదు. ఫోటోలు కొన్ని సగం వరకు కనిపించి, మిగతా సగం బూడిద రంగులో ఉన్నాయి. కార్డును కంపెనీ సర్వీస్ సెంటరుకు తీసుకువెళితే, అక్కడి ఉద్యోగి వెనక ఉన్న సంఖ్యను చూసి "ఇది మా సరుకు కాదండి" అని నోటిమాటగా చెప్పి పంపించారు. యాప్‌లో ఫిర్యాదు చేస్తే ఏడు రోజుల రిటర్న్ గడువు దాటిపోయిందని, కంపెనీని సంప్రదించమని జవాబు వచ్చింది. నాకు అమ్మిన వారి పేరు ఇప్పుడు ఆ పేజీలో లేదు.

సొమ్ము కన్నా ముందు ఆ ఫైళ్ల సంగతి తెలుసుకోవాలని ఉంది. ఆ తరువాత, ఇలాంటి కార్డును ఇంకొకరికి అమ్మకుండా ఏం చేయవచ్చో కూడా చెప్పగలరు.

నిర్వాహకులు:

గోస్తని గారు, మీ చర్చను వినియోగదారుల విభాగంలోకి మార్చాము. సభ్యులు తమ సొంత అనుభవాలను చెప్పేటప్పుడు అంగడి పేరుగాని, అమ్మకందారు పేరుగాని రాయవద్దని మనవి. అధికారిక ఉత్తర్వుల్లో ఇప్పటికే నమోదైన పేర్లకు ఈ నియమం వర్తించదు.

తీగలూ చిప్పులూ (హైదరాబాద్):

గోస్తని గారు, అన్నిటికన్నా ముందు ఆ కార్డును కెమెరాలో నుంచి తీసి పక్కన పెట్టండి. దాని మీద ఇంకొక్క ఫోటో కూడా తీయకండి. కంప్యూటరులో పెట్టినప్పుడు "ఫార్మాట్ చేయాలా?" అని అడిగితే వద్దని చెప్పండి.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇది సామర్థ్యాన్ని పెంచి చూపించే నకిలీ కార్డు. మెమరీ కార్డులో సమాచారాన్ని దాచే చిప్పు ఒకటి, దాన్ని నడిపించే కంట్రోలర్ మరొకటి ఉంటాయి. నకిలీ చేసేవారు 32 లేదా 64 గిగాబైట్ల చిప్పునే పెట్టి, తన సామర్థ్యం 512 అని కంప్యూటరుకు చెప్పేలా కంట్రోలర్‌లోని ప్రోగ్రామును మారుస్తారు. కంప్యూటరు, కెమెరా ఆ మాటనే నమ్ముతాయి. నిజమైన చోటు నిండేవరకు ఏ ఇబ్బందీ ఉండదు. నిండిన తరువాత రాసే సమాచారం కొన్ని కార్డుల్లో పాతదాని మీద పడి దాన్ని చెరిపేస్తుంది, మరికొన్నిటిలో ఎక్కడా నమోదు కాకుండానే పోతుంది. ఫైళ్ల పేర్లు, సైజులు ఉండే పట్టిక కార్డు మొదట్లోనే ఉంటుంది కాబట్టి, లోపల ఏమీ లేకపోయినా పేర్లు మాత్రం కనిపిస్తాయి. నకిలీ చెప్పులు తొడుక్కున్న రోజే తెలిసిపోవచ్చు. ఈ సరుకు మాత్రం నిండే దాకా తెలియదు. ఏడు రోజుల గడువులో పెద్ద కార్డును నింపి చూసేవారు ఎందరుంటారు? నకిలీ చేసేవారికి ఆ గడువే రక్షణగా మారుతోంది.

ఇప్పుడు చేయవలసింది ఇది. ముందుగా కార్డు మొత్తానికి యథాతథమైన నకలు, అంటే ఇమేజ్, తీయాలి. లైనక్స్‌లో డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాము ఆ పని చేస్తుంది. నకలు పెట్టుకోవడానికి 512 గిగాబైట్లకు మించిన ఖాళీ ఉన్న హార్డ్ డిస్క్ కావాలి. తరువాత ఆ నకలు మీద, పోయిన ఫైళ్లను వెతికి తీసే ఫోటోరెక్ ప్రోగ్రామును నడిపి, దొరికినవి దొరికినట్టు బయటికి తీయాలి. అది పూర్తయ్యాకే కార్డు అసలు సామర్థ్యాన్ని పరీక్షించాలి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లైనక్స్‌లో ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాములు కార్డు నిండా సమాచారం రాసి, తిరిగి చదివి, ఎంత వరకు నిలిచిందో చెబుతాయి. ఈ క్రమాన్ని తారుమారు చేయవద్దు. పరీక్ష ముందు చేస్తే మిగిలినవి కూడా పోతాయి.

ఇంకొక మాట. అసలైన 512 గిగాబైట్ల కార్డు కూడా విండోస్‌లో 476 అనే చూపిస్తుంది. కంపెనీలు వెయ్యి లెక్కన, విండోస్ 1,024 లెక్కన కొలవడం వల్ల వచ్చే తేడా అది. ఆ తేడాను మోసమని ఫిర్యాదులో రాస్తే అవతలివారు దాన్నే పట్టుకుని మిగతాదంతా కొట్టిపారేస్తారు.

నల్లకోటు (గుంటూరు):

నేను జిల్లా కమిషన్‌లో వినియోగదారుల కేసులు చూసే న్యాయవాదిని. ఇక్కడ చెప్పేది సాధారణ సమాచారంగానే తీసుకోండి.

రిటర్న్ గడువు అనేది ఆ అంగడి పెట్టుకున్న నియమం. నచ్చలేదు, రంగు తేడాగా ఉంది, సైజు సరిపోలేదు అనే సందర్భాల్లో దానికి విలువ ఉంది. సరుకే నకిలీదైనప్పుడు సంగతి వేరు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అసలైనదని అబద్ధం చెప్పి అమ్మే సరుకే నకిలీ సరుకు. ఆ చట్టం కింద 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం, సరుకు లోపభూయిష్ఠమైనా, నకిలీదైనా, ప్రకటించిన లక్షణాలు లేనిదైనా, దాన్ని వెనక్కి తీసుకోవడానికిగాని సొమ్ము తిరిగి ఇవ్వడానికిగాని అమ్మకందారు నిరాకరించకూడదు. అందులో ఏడు రోజుల మాట లేదు.

అదే నియమాల ప్రకారం ప్రతి ఈ-కామర్స్ సంస్థ ఒక ఫిర్యాదుల పరిష్కార అధికారిని నియమించి, ఆయన పేరును, సంప్రదించే మార్గాన్ని తన వేదిక మీద ప్రకటించాలి. ఆ అధికారి ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. యాప్‌లో చాటింగ్ చేసే ఉద్యోగికి చెప్పడం, ఈ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయడం ఒకటి కావు. నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది చాటింగ్ దగ్గరే ఆగిపోయి వస్తున్నారు.

ఇప్పుడు మీ దగ్గర ఉన్న లోటు ఒక్కటే. ఇది నకిలీదని మీరంటే సరిపోదు, ఇంకొకరు అనాలి, అది రాతలో ఉండాలి. సర్వీస్ సెంటరు నోటిమాట కమిషన్ ముందు నిలవదు. ఆ కంపెనీ అధికారిక ఈమెయిల్ చిరునామాకు కార్డు ముందు వెనకల ఫోటోలు, అట్ట ఫోటోలు, దాని మీది సంఖ్య, బిల్లు పంపి, ఇది మీ ఉత్పత్తి అవునా కాదా అని ఒక్క ప్రశ్న అడగండి. వారంటీ ఇమ్మని అడగకండి. వారంటీ అడిగితే "వర్తించదు" అనే ముక్తసరి జవాబు వస్తుంది. మీ ఉత్పత్తేనా అని అడిగితే తమ పేరును కాపాడుకోవడం వారికీ అవసరమే కాబట్టి సూటిగా చెప్పే అవకాశం ఎక్కువ.

కార్డు, అట్ట, డెలివరీ కవరు, దాని మీది చీటీ, ఏ ఒక్కటీ పారేయవద్దు. రసీదు లేకుండా కార్డును ఎవరి చేతికీ ఇవ్వవద్దు.

గోస్తని (విజయనగరం):

తీగలూ చిప్పులూ గారికి, నల్లకోటు గారికి కృతజ్ఞతలు. నకలు తీయడానికి ఒక రాత్రి, ఒక పగలు పట్టింది. మొదటి రోజు వీడియోలన్నీ భద్రంగా వచ్చాయి. రెండో రోజువి ఉదయం తీసిన పదిహేడు ఫోటోలు, మండపం అలంకరణ వీడియో ఒకటి దొరికాయి. మాంగల్యధారణ దొరకలేదు. తరువాత ఎఫ్3 నడిపిస్తే కార్డులో నిజంగా ఉన్నది 64 గిగాబైట్లకు దగ్గరగా తేలింది. ఆ ఫలితం తెరను ఫోటో తీసి పెట్టుకున్నాను.

బిల్లు మళ్లీ చూస్తే, అమ్మకందారు చిరునామా ఇంకో రాష్ట్రంలో ఉంది. నేను కొన్న పేజీ మాత్రం అలాగే ఉంది, అవే వేల కొద్దీ మంచి సమీక్షలతో, వేరొక అమ్మకందారు పేరు మీద. అమ్మినవారు మారితే సమీక్షలు ఎలా మిగిలాయో నాకు అర్థం కాలేదు.

తరాజు (విజయవాడ):

ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పగలను. బీసెంటు రోడ్డు దగ్గర మాకు ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం ఉంది. ఆరేళ్లుగా ఆన్‌లైన్‌లో కూడా అమ్ముతున్నాను.

కొనేవారు ఒక పేజీని ఒక దుకాణం అనుకుంటారు. నిజానికి అది ఒక వస్తువు పేజీ. ఆ వస్తువు తన దగ్గర ఉందని చెప్పే అమ్మకందారు ఎవరైనా దానికి చేరవచ్చు. పదిమంది చేరితే, ధర, డెలివరీ వేగం వంటివి చూసి యాప్ ఒకరిని ముందు నిలబెడుతుంది. మీరు "కొనండి" నొక్కినప్పుడు సరుకు పంపేది ఆ ఒక్కరే. సమీక్షలు, నక్షత్రాలు మాత్రం ఆ వస్తువువి. ఏళ్ల తరబడి అసలు సరుకు అమ్మినవారు సంపాదించినవి. నకిలీ అమ్మేవాడు మా కన్నా యాభై రూపాయలు తగ్గించి ఆ పేజీలో ముందుకు వస్తాడు, మేము కూడబెట్టిన మంచి పేరు మీద అమ్ముకుంటాడు, ఫిర్యాదులు మొదలయ్యే లోపు ఖాతా మూసి ఇంకో పేరుతో తెరుస్తాడు. అందుకే నా మనవి ఏమిటంటే, కొనే ముందు "అమ్మేవారు" అన్న చోట ఉన్న పేరును నొక్కి, ఆ అమ్మకందారు సొంత సమీక్షలు, చిరునామా చూడండి. కొన్న రోజునే ఆ తెరను ఫోటో తీసి పెట్టుకోండి, ఎందుకంటే గోస్తని గారికి జరిగినట్టు అది తరువాత మారిపోతుంది.

విదేశీ పెట్టుబడి ఉన్న ఆన్‌లైన్ అంగళ్లు సొంత సరుకును అమ్మకూడదని, అమ్మకందారుకూ కొనేవారికీ మధ్య వేదికగా మాత్రమే ఉండాలని కేంద్రం నియమం పెట్టింది; 2019 ఫిబ్రవరి 1 నుంచి దాన్ని మరింత కట్టుదిట్టం చేశారు. చిన్న వర్తకులను కాపాడడానికే ఆ నియమం వచ్చింది, దాన్ని నేను కాదనను. కాని సరుకు బాధ్యత ఎవరిదని అడిగినప్పుడు, మేము వేదిక మాత్రమేనని తప్పుకోవడానికి కూడా అదే మాట ఉపయోగపడుతోంది.

మా వైపు బాధ కూడా ఒకటి చెప్పాలి. మేము పంపిన అసలు స్విచ్చును ఉంచుకుని, పాతదో డూప్లికేటో అట్టలో పెట్టి రిటర్న్ చేసేవారు ఉన్నారు. వచ్చిన రిటర్న్‌ను గిడ్డంగిలో సరిగ్గా తనిఖీ చేయకపోతే అది మళ్లీ అమ్మకానికి వెళుతుంది, తరువాత కొన్నవారి దృష్టిలో మేము దొంగలమవుతాము. నేను ఇప్పుడు ప్రతి వస్తువు సంఖ్యను ఫోటో తీసి పంపుతున్నాను.

చదువుల గూడు (వరంగల్):

ఇదే వ్యవహారం పుస్తకాల్లో కూడా జరుగుతోంది. పోటీ పరీక్షల కోసం నేను సగం ధరకు తెప్పించుకున్న పుస్తకంలో కాగితం పలచగా ఉండి వెనక అక్షరాలు కనిపించాయి, పటాలు మసకగా వచ్చాయి, 32 పేజీలు రెండుసార్లు కుట్టి ఆ తరువాతి 32 పేజీలు వదిలేశారు. ప్రచురణకర్తకు ఫోటోలు పంపితే రెండు రోజుల్లో అది తమ ముద్రణ కాదని ఈమెయిల్ ఇచ్చారు. దాన్ని జోడించిన తరువాతే యాప్ వారు డబ్బు తిరిగి ఇచ్చారు. నల్లకోటు గారు చెప్పిన దారి నా విషయంలో పని చేసింది. ఆ లేని పేజీల్లోని అధ్యాయాన్ని నేను స్నేహితుడి పుస్తకం అడిగి చదువుకున్నాను. అడగడానికి స్నేహితుడు లేనివారి సంగతి ఆలోచించండి.

తులసికోట (కూకట్‌పల్లి):

మా ఇంట్లో ఫోన్ ఛార్జర్ ఒకటి వేడెక్కి ప్లాస్టిక్ మెత్తబడింది. దాని మీద భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తు, దాని కింద 'ఆర్' అక్షరంతో మొదలయ్యే ఎనిమిది అంకెల సంఖ్య రెండూ ఉన్నాయి కాబట్టి అసలైనదే అనుకున్నాము. మా అబ్బాయి బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్యను కొట్టి చూస్తే, అది వేరొక తయారీదారు పేరు మీద, వేరే రకం వస్తువుకు ఇచ్చిన సంఖ్య అని వచ్చింది. అంటే నిజమైన సంఖ్యనే ఎక్కడి నుంచో తీసుకుని ముద్రించారు. గుర్తు ఉందా లేదా అని చూసి ఊరుకోకుండా, ఆ సంఖ్య ఎవరిదో చూడాలని అప్పుడు తెలిసింది. ఐఎస్ఐ గుర్తు ఉన్న హెల్మెట్లు, కుక్కర్ల లైసెన్సు సంఖ్యలను, బంగారు నగల మీది ఆరు అక్షరాల హాల్‌మార్క్ సంఖ్యను కూడా అదే యాప్‌లో చూడవచ్చు. సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేవారు *#06# నొక్కితే వచ్చే 15 అంకెల సంఖ్యను, ముందు కేవైఎం అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు చేర్చి, 14422కు ఎస్ఎంఎస్ పంపితే ఆ ఫోన్ వివరాలు వస్తాయి.

గోస్తని గారు, మీ మేనత్త గారి హారతి పాట సంగతి చదివి మనసు కలుక్కుమంది. వచ్చిన బంధువుల్లో ఎవరో ఒకరు ఫోన్‌లో తీసి ఉంటారు, ఒకసారి అందరినీ అడగండమ్మా.

దూరతీరం (డల్లాస్):

ఛార్జర్ల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. అమెరికాలో భద్రతా పరీక్షలు చేసే యూఎల్ సంస్థ 2016లో 400 నకిలీ ఆపిల్ అడాప్టర్లను పరీక్షిస్తే 397 తప్పాయి. వాటిలో 12 ప్రాణాంతకమైన విద్యుదాఘాతం కలిగించేంత నాసిరకంగా తయారయ్యాయని తేలింది. 2018 జనవరిలో ఇక్కడి ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం ఆన్‌లైన్ అంగళ్లలోని ఇతర అమ్మకందారుల నుంచి 47 వస్తువులు కొని పరీక్షించి, 20 నకిలీవని నివేదించింది. వాటిలో ఒక కంపెనీ పేరుతో కొన్న సౌందర్య సాధనాలు పదమూడుకు పదమూడూ నకిలీవే. కొన్న బూట్లలో ఒక్కటీ నకిలీది కాలేదు. ఏ వస్తువులో ఎక్కువ జాగ్రత్త పడాలో మనకు తోచే లెక్క తప్పు కావచ్చని ఆ నివేదిక చూశాక అనిపించింది.

2023 జూన్ 27 నుంచి ఇక్కడ ఒక చట్టం అమల్లో ఉంది. ఏడాది కాలంలో కనీసం 200 అమ్మకాలు జరిపి, కనీసం 5,000 డాలర్లు రాబట్టే అమ్మకందారుల బ్యాంకు ఖాతా, గుర్తింపు వివరాలను అంగడి సేకరించి సరిచూడాలి; రాబడి 20,000 డాలర్లకు చేరితే పేరు, చిరునామా కొనేవారికి కూడా తెలిసేలా పెట్టాలి. దీనితో నకిలీలు ఆగిపోయాయని నేను చెప్పలేను. అయితే ఖాతా మూసి కొత్త పేరుతో తెరవడం మునుపటి కన్నా కష్టమైంది. సెలవులకు వచ్చేటప్పుడు తల్లిదండ్రులకు ఇక్కడ కొని తెచ్చే వస్తువులను నేను ఇప్పుడు కంపెనీ సొంత సైటులోనే కొంటున్నాను.

నల్లరేగడి (ఆదిలాబాద్):

అందరూ ఫిర్యాదు చేయమనే చెబుతున్నారు గనుక రెండో వైపు కూడా ఒకరు చెప్పాలి. స్ప్రేయర్ పంపు బ్యాటరీ ఒకటి తెప్పించాను; నెలకే చచ్చిపోయింది, కంపెనీ వారు అది తమది కాదన్నారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను. మంచిగానే మాట్లాడి నమోదు చేసుకున్నారు. మూడు వారాల తరువాత, గడువు దాటినందున సంస్థ తిరస్కరించిందని చెప్పి ఫిర్యాదును మూసేశారు. రూ. 1,800 కోసం పత్తి ఏరే రోజుల్లో కూలీలను వదిలి జిల్లా కేంద్రానికి ఎన్నిసార్లు తిరగాలి? నేను వదిలేశాను. వదిలేసినవారు తెలియనివారని అనుకోవద్దు. వారికి ఆ రోజు కూలి లెక్క ఉంటుంది.

నకిలీ విత్తనాలతో దెబ్బ తిన్న ప్రాంతం మాది. విత్తనం కొంటే బిల్లు, సంచి, దాని మీది చీటీ పంట చేతికి వచ్చేదాకా దాచిపెట్టమని వ్యవసాయ అధికారులు ఏటా చెబుతారు, మేము దాస్తాము. బ్యాటరీ అట్టను మాత్రం ఇంట్లో పొయ్యిలో వేశారు. ఇంటికి వచ్చే పార్సిల్‌ను కూడా విత్తన సంచిలాగా చూడాలని నాకు తట్టలేదు. చెల్లెమ్మా, నీ దగ్గర అట్ట ఉంది కదా, నువ్వు వదలకు.

నల్లకోటు (గుంటూరు):

నల్లరేగడి గారి మాటను నేను తీసిపారేయలేను. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. కేసు దాకా వెళ్లకముందే రెండు పక్షాలతో మాట్లాడి పరిష్కరించడం దాని పని. తీర్పు చెప్పే అధికారం దానికి లేదు. సంస్థ ససేమిరా అంటే అక్కడితో ఆగుతుంది. అయినా అక్కడ నమోదైన సంఖ్య తరువాత కమిషన్‌లో పనికి వస్తుంది: మీరు ముందుగా అడిగారని, వారు కాదన్నారని అది చూపిస్తుంది.

ఇక తిరగడం గురించి. చెల్లించిన సొమ్ము రూ. 5 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. అమ్మకందారు ఏ రాష్ట్రంలో ఉన్నా మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. పాత చట్టంలో లేని ఈ సౌకర్యం 2019 చట్టంతో వచ్చింది. న్యాయవాది తప్పనిసరి కాదు. 2025 జనవరి నుంచి ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, వీడియో ద్వారా విచారణ కోరడానికి చట్టంలో వీలుంది. కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల లోపు దాఖలు చేయాలి. ఎదుటి పక్షానికి నోటీసు అందిన మూడు నెలల్లో, ప్రయోగశాల పరీక్ష అవసరమైతే అయిదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. ఆచరణలో అంతకన్నా ఎక్కువ పడుతుందని నిజాయతీగా చెప్పాలి.

అంగడి సంస్థ బాధ్యత మీద న్యాయస్థానాల తీర్పులు ఒకే దారిలో లేవు. అమ్మకంలో చురుకుగా పాలుపంచుకునే వేదిక, ఇతరులు పెట్టినదానికి మధ్యవర్తిది బాధ్యత కాదంటూ సమాచార సాంకేతిక చట్టం 79వ సెక్షన్ ఇచ్చే రక్షణను కోరజాలదని ఢిల్లీ హైకోర్టు 2018లో ఒక కేసులో చెప్పింది. 2020లో అదే కోర్టు ధర్మాసనం మరో కేసులో చురుకు వేదిక, నిష్క్రియ వేదిక అనే ఆ తేడానే అంగీకరించలేదు. అందువల్ల కేసులో అమ్మకందారును, అంగడిని ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చడం మంచిది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మాత్రం వేదికల మీద నేరుగా చర్య తీసుకున్న సందర్భాలు ఉన్నాయి. నాణ్యతా ప్రమాణాలు పాటించని ప్రెషర్ కుక్కర్లను అమ్మనిచ్చినందుకు 2022 ఆగస్టులో అమెజాన్‌కు లక్ష రూపాయల జరిమానా వేసి, ఆ 2,265 కుక్కర్లు కొన్నవారికి తెలియజేసి, వాటిని వెనక్కి తీసుకుని, సొమ్ము తిరిగి ఇమ్మని ఆదేశించింది. అదే నెలలో 598 కుక్కర్ల విషయంలో ఫ్లిప్‌కార్ట్‌కు అలాంటి ఉత్తర్వే ఇచ్చింది. అంత పెద్ద సంస్థలకు లక్ష రూపాయలు లెక్కలోకి రావు. నాకు విలువైనదిగా తోచింది రెండో భాగం: ఎవరూ అడగకపోయినా, కొన్న ప్రతి ఒక్కరికీ చెప్పి వెనక్కి తీసుకోమనడం.

గోస్తని గారు "ఇంకొకరికి అమ్మకుండా" అని అడిగారు కదా, దానికి దారి ఇదే. చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం వినియోగదారులందరికీ నష్టం కలిగించే వ్యవహారం మీద ఫిర్యాదును జిల్లా కలెక్టరుకు కూడా ఇవ్వవచ్చు.

గోస్తని (విజయనగరం):

అయిదు వారాల తరువాత రాస్తున్నాను. కంపెనీ నుంచి తొమ్మిదో రోజున ఈమెయిల్ వచ్చింది: ఆ సంఖ్య తమ రికార్డుల్లో లేదని, అట్ట ముద్రణ తమది కాదని, ఆ అమ్మకందారు తమ అధీకృత విక్రేత కాదని మూడు వాక్యాల్లో స్పష్టంగా రాశారు. దాన్ని, ఎఫ్3 ఫలితాన్ని, బిల్లును జోడించి అంగడి ఫిర్యాదుల అధికారికి పంపాను. మరునాడే అందినట్టు జవాబు, ఆరో రోజున గడువు దాటిందన్న పాత తిరస్కారమే మళ్లీ వచ్చాయి. అప్పుడు 1915లో నమోదు చేసి, ఆ సంఖ్యతో పాటు నియమంలోని వాక్యాన్ని ఉటంకిస్తూ అదే అధికారికి రెండోసారి రాశాను. పంతొమ్మిదో రోజున రూ. 2,199 నా ఖాతాకు వచ్చింది. కార్డును వెనక్కి అడిగారు. సీలు వేసి, ఫోటోలు తీసి, తీసుకువెళ్లిన అబ్బాయి దగ్గర రసీదు తీసుకుని ఇచ్చాను.

తులసికోట గారు చెప్పినట్టు బంధువులందరినీ అడిగాము. బరంపురం నుంచి వచ్చిన మా పెదనాన్న గారి మనవరాలి ఫోన్‌లో మేనత్త హారతి పాట రెండు చరణాలు దొరికాయి. మాంగల్యధారణ ఎవరూ పూర్తిగా తీయలేదు. మేము కెమెరాతో తీస్తున్నామని అందరూ ఫోన్లు పక్కన పెట్టారట.

ఆ పేజీ ఇంకా ఉంది. మొన్న సోమవారం కలెక్టరు కార్యాలయంలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చాను, రసీదు సంఖ్య వచ్చింది. ఎవరికైనా ఉపయోగపడుతుందేమోనని దాని పాఠాన్ని కింద ఇస్తున్నాను; పేర్లు మాత్రం తీసేశాను.

"గౌరవనీయులైన జిల్లా కలెక్టరు గారికి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 17వ సెక్షన్ కింద సమర్పించే ఫిర్యాదు. నేను ఆన్‌లైన్‌లో కొన్న మెమరీ కార్డు మీద 512 గిగాబైట్లు అని ముద్రించి ఉండగా, పరీక్షలో దాని సామర్థ్యం సుమారు 64 గిగాబైట్లని తేలింది. ఆ కార్డు తమ ఉత్పత్తి కాదని దాని మీద పేరున్న కంపెనీ రాతపూర్వకంగా తెలిపింది. నా సొమ్ము నాకు తిరిగి వచ్చింది కాబట్టి నా కోసం ఏమీ కోరడం లేదు. అదే వస్తువు పేజీ ఈ రోజుకూ అమ్మకంలో ఉన్నందున, ఆ పేజీ ద్వారా జరిగిన అమ్మకాలపై విచారణ జరిపించి, నాకు అమ్మిన అమ్మకందారు నుంచి ఆ కార్డు కొన్న వారందరికీ అందులో ఉన్నవాటిని వెంటనే వేరొక చోట భద్రపరచుకోమని తెలియజేసేలా, సొమ్ము తిరిగి చెల్లించేలా సంబంధిత ప్రాధికార సంస్థకు ఈ ఫిర్యాదును పంపించవలసిందిగా ప్రార్థన. జతపరచినవి: బిల్లు, కొన్న రోజు వచ్చిన సందేశం, కార్డు మరియు అట్ట ఫోటోలు, పరీక్ష ఫలితం, కంపెనీ ఈమెయిల్, 1915 నమోదు సంఖ్య."